ఆయన చేసిన ఆముదపు కందిలి

మా వీధిలో ఇంజనీరింగు చదివే ఆడపిల్లలు కొందరు ఇల్లు అద్దెకు తీసుకుని ఉంటున్నారు. ఆదివారం వస్తే మా అరుగు మీద వాలిపోతారు. ఒకసారి వాళ్ళలో గడుసుది ఒకతె, "అమ్మమ్మా, తాత ఎన్కట ఏదో కనిపెట్టిండట కద! మేం గూడ ఒకటి చేస్తాన్నం. కాలేజీల సూపెట్టాలె. మాకేమన్న సలహా చెప్పరాదు" అంది. నేనేం చెబుతాను, నా మొహం! నేను ఏదీ కనిపెట్టలేదు. కనిపెట్టిన మనిషి పక్కన కొన్నాళ్ళు కూర్చున్నాను, అంతే. ఆ రోజు పిల్లలకు సగం చెప్పి, చాయ్ పోసి పంపించేశాను. మిగతా సగం చెప్పడానికి నోరు రాలేదు. అందుకని రాస్తున్నాను.

నేను హనుమకొండకు కాపురానికి వచ్చిన కొత్తల్లో రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. మా అత్తవారిది నూనెల దుకాణం. ధర్మసాగర్ వైపు ఊళ్ళ నుంచి రైతులు బండ్ల మీద ఆముదాలు తెచ్చి పోసేవారు. వాటిని గానుగ పట్టించి ఆముదం అమ్మడం మామయ్య వ్యాపారం. ఆముదాలు కొనడానికి స్టేషన్ ఘన్‌పూర్‌లో కూడా ఒక చిన్న దుకాణం ఉండేది. ఇంట్లో అత్తయ్య లేదు, నా పెళ్ళికి ముందే పోయింది. ఆడబిడ్డలు లేరు. అంత ఇంట్లో ఆడమనిషినంటే నేనొక్కదాన్నే. పుట్టింట్లో పదిమంది మధ్య గోలగోలగా పెరిగినదాన్ని, మాట్లాడే దిక్కు లేక మొదట్లో పొయ్యితో, రోలుతో మాట్లాడేదాన్ని.

మా ఆయన దుకాణంలో కూర్చునేవారు గాని, ఆయన చూపు తూకం మీద ఉండేది కాదు. ఎవరైనా వచ్చి నూనె పోయమంటే, అది సీసాలోకి ఎంత నెమ్మదిగా జారుతోందో చూస్తూ నిలబడిపోయేవారు. "ఏందిరా, నూనె ఎన్నడు సూడలేదా?" అని మామయ్య కసిరేవారు. ఇదేం మనిషిరా దేవుడా అని నేనూ అనుకున్నాను. తర్వాత తర్వాత ఆయన దుకాణం నుంచి రావడం కాస్త ఆలస్యమైతే వాకిట్లోకీ ఇంట్లోకీ తిరిగేదాన్ని.

యుద్ధం వల్ల బజారులో కిరసనాయిలు కరువైంది. మా వైపు దాన్ని గాసునూనె అంటాం. పర్మిటు మీద ఇంటికింత అని పోసేది ఏ మూలకూ వచ్చేది కాదు. మా కందిలి, అదే లాంతరు, వంటయ్యే దాకా వంటింట్లో, భోజనాలప్పుడు నడవలో, ఆ తర్వాత ఆర్పేసి మూలన. ఒక సాయంత్రం చీకట్లో తడుముకుంటూ నేను చెయ్యి కాల్చుకున్నాను. ఆయన నా చేతికి వెన్న రాస్తూ, "ఇంట్ల పీపాలకు పీపాలు ఆముదమున్నది. చీకట్ల కూసుంటాన్నం. సిగ్గుండాలె మనకు" అన్నారు.

"ఆముదంతోని దీపం పెట్టుకుంటె అయిపాయె గద" అన్నాను, చెయ్యి మంటతో.

"దేవుని కాడ పెట్టినట్టు మినుకుమినుకుమని గాదు. కందిలి లెక్క వెలగాలె. నువ్వు బియ్యం ఏరుకునేటట్టు వెలగాలె. గాలికి ఆగాలె."

ఆ పిల్లలకు నేను చెప్పిన మొదటి మాట ఇదే. ఎక్కడో ఏదో కొత్తది కావాలని ఆకాశంలోకి చూడకండే తల్లీ, మీ ఇంట్లో ఎవరి చెయ్యి కాలుతోందో చూడండి అని. వాళ్ళు కిసుక్కున నవ్వారు. నవ్వనీ.

అనుకోవడం తేలిక. ఆముదం చిక్కటిది, వత్తి మీదకు ఎక్కదు. మామూలు కందిలిలో ఆముదం పోస్తే వత్తి కొస మాడిపోయి, ఇల్లంతా పొగ చూరి, చివరికి కళ్ళు మండడం తప్ప వెలుతురు ఉండదు. ఆయన మా పెరట్లో ఆముదాలు పోసే కొట్టు ఒక మూల ఖాళీ చేసి, రేకులు కోసే కత్తెర, టంకం కడ్డీ, ఒక బొగ్గుల కుంపటి పెట్టుకున్నారు. దుకాణం నుంచి వచ్చాక అక్కడే మకాం. వంట ముగించి నేనూ వెళ్ళి ఎదురుగా పీట వేసుకునేదాన్ని. నా పని వత్తులు చేయడం. ఎన్ని వత్తులు చేశానో! సన్నవి, లావువి, పేనినవి, అల్లినవి. బిగించి పేనితే నూనె ఎక్కదు, వదులు చేస్తే ఊడి జారిపోతుంది. వెలిగించిన ప్రతిసారీ ఆయన ముఖంలో ఆశ, అది పొగలు కక్కిన ప్రతిసారీ ఒక తిట్టు. తిట్టు కందిలికి, నాకు కాదు.

ఒక చలికాలం పొద్దున ఆయన తల మీద ఆముదం పెట్టబోతూ గిన్నెను పొయ్యి మీద వెచ్చబెడుతున్నాను. ఆయన వచ్చి చూసి, "ఎందుకు?" అని అడిగారు.

"ఎచ్చబెడితె పల్చగయితది. లేకుంటె ఇంత చలికి గడ్డ లెక్క ఉంటది, తలకేం పడుతది?"

ఆయన నా వైపు చూశారు. గిన్నె వైపు చూశారు. తలంటు లేదు, ఏమీ లేదు, ఆ పొడి తలతోనే కొట్టులోకి పరుగు! నేను గిన్నె పట్టుకుని వెనకాల పరుగు. మామయ్య దుకాణానికి బయలుదేరుతూ మా ఇద్దర్నీ చూసి, "పిచ్చి పట్టిందా మీకు?" అన్నారు.

ఆయన చేసిందల్లా ఒక రాగి పట్టీ. ఒక కొస మంట పక్కన నిలబడుతుంది, ఇంకో కొస నూనెలో మునుగుతుంది. మంట వేడి రాగిలోంచి దిగి నూనెను వెచ్చబెడుతుంది, వెచ్చబడిన నూనె వత్తి మీదకు ఎక్కుతుంది. ముందు కాసేపు మినుకుమంటుంది, ఆ తర్వాత చూడాలి దాని తేజు! మొదటిసారి అది నిలబడి వెలిగినప్పుడు కొట్టు మూలల్లో సాలెగూళ్ళు కూడా కనిపించాయి. ఆయన నా వైపు తిరిగి, "ఎవలకన్న కనవడుతాందా, నాకే కనవడుతాందా?" అన్నారు. నాకు నవ్వూ ఏడుపూ రెండూ వచ్చాయి. అంత సంతోషం ఒక మనిషి ముఖంలో మళ్ళీ నేను చూడలేదు, నా పిల్లలు పుట్టినప్పుడు కూడా.

మామయ్యకు చూపించాం. ఆయన కందిలి ఎత్తి, తిప్పి, రాగి పట్టీ ముట్టుకుని చెయ్యి కాల్చుకుని, "మంచిగనే ఉన్నది" అన్నారు. తర్వాత కందిలి కింద పెట్టి, "దుకాణంల పెట్టి సూడు. దీపావళి దాక సూస్త. అప్పటికి ఇవి పోతె నీ పని నువ్వు చేసుకో, నేనడ్డం రాను. పోకపోతె మల్ల ఈ కొట్టు తలుపు తెరవొద్దు. ఘన్‌పూర్ దుకాణం నువ్వే సూసుకోవాలె" అన్నారు. మా ఆయన ఎగిరి గంతేసినంత పని చేశారు. దీపావళికి ఇంకా బోలెడు కాలం ఉంది. నాకు మాత్రం ఆ ఘన్‌పూర్ మాట నచ్చలేదు. ఆ కొట్టు మూతపడితే నా పీట ఎక్కడ వేసుకోవాలి?

రేకు పని చేసేవాడికి చెప్పి కొన్ని కందిళ్ళు చేయించారు. బజారులో మగవాళ్ళు గుమిగూడి చూశారు. మా ఆయన ఒక్కొక్కరికీ రాగి పట్టీ సంగతి విప్పి చెప్పేవారు. "శభాష్! గాసునూనె పీడ పోయింది!" అన్నవాళ్ళే అందరూ. కొనుక్కుని సంకలో పెట్టుకుని ఇళ్ళకు పోయారు. ఆ వారం మా ఆయన కాళ్ళు నేల మీద లేవు.

తర్వాత ఒకటి వెనక్కి వచ్చింది. మళ్ళీ ఒకటి. ఏమయిందయ్యా అంటే, "ఇంట్ల వద్దంటాన్నరు" అనేవారు. ఎందుకు వద్దంటున్నారంటే, "ఏమో, ఆడోళ్ళ సంగతి నీకెరుకే గద" అని నవ్వి తప్పుకునేవారు.

మా ఆయన కూర్చుని ఆలోచించారు. పొగ ఏమోనని పైన రేకు టోపీ మార్చారు. బరువేమోనని అడుగు తేలిక చేశారు. పిడి కాలుతోందేమోనని దానికి వెదురు తొడిగారు. వాసన వస్తోందేమోనని ఆముదాన్ని మరోసారి కాచి వడపోయించారు. అన్నీ మంచికే, కందిలి నిజంగా ముద్దుగా తయారైంది. అయినా వెనక్కి రావడం ఆగలేదు. అమ్మాయిలూ, ఇది బాగా వినండి. మెచ్చుకున్నవాళ్ళ వల్ల ఒక్క ముక్క తెలియదు. వద్దని వెనక్కి ఇచ్చినవాళ్ళ కడుపులో ఉంటుంది అసలు సంగతి. దాన్ని దుకాణంలో నిలబడి అడిగితే చెప్పరు. పిడికి వెదురు తొడిగితే అంతకన్నా తెలియదు.

ఒకరోజు మధ్యాహ్నం ఆయన భోజనానికి వస్తూనే వాకిట్లోంచి కేక. "ఇగో, ఇటు రా! ఇయ్యాల బోణీ ఏందో చెప్పు సూద్దాం!"

పొద్దున్నే, తలుపు సగమే తెరిచి ఉండగానే, ఎవరో వచ్చి ఆముదపు కందిలి కావాలని పేరు పెట్టి అడిగారట. "గిట్ల పేరు పెట్టి అడిగినోడు ఇదే మొదలు! రాగి పట్టీ సంగతి చెప్పబోతె, అవన్ని ఎందుకయ్యా, ఆగకుంట మండుతదా అన్నడు. నూనె పోస్తాంటె మండుతనే ఉంటది అన్న. సాలు అని తీసుకపోయిండు."

"మామయ్య ఏమన్నరు?"

"బాపు లోపటికి పోయిండు. ఏదో పనుండె."

బోణీ బేరం వెనక్కి పంపని ఇల్లు మాది. పొద్దున్నే మొదట వచ్చినవాడికి ఏది కావాలన్నా, లాభమున్నా లేకపోయినా, లేదనకుండా ఇచ్చి పంపాలి. అలాంటి బోణీ తన కందిలితో అయిందని ఆయన మురిసిపోయారు. నేను పాలు, బియ్యం, బెల్లం వేసి పాశం వండాను. మామయ్య ముట్టలేదు. కడుపులో బాగాలేదన్నారు. మేమిద్దరమే తిన్నాం. గిన్నె ఊడ్చి మరీ తిన్నాం, వెర్రిబాగులవాళ్ళం.

ఆ తర్వాత కొద్దిరోజులకు, దుకాణం తెరవకముందే మెట్ల మీద కందిళ్ళు కనిపించడం మొదలైంది. రాత్రికి రాత్రి ఎవరు పెట్టిపోయేవారో. డబ్బు వెనక్కి ఇమ్మని అడిగినవాడు లేడు. మొహం చూపించినవాడు లేడు. నిన్నటిదాకా శభాష్ అన్నవాళ్ళు దుకాణం ముందు నుంచి పోతూ తల తిప్పుకోసాగారు. మా ఆయన వాటిని మెట్ల మీది నుంచి ఏరి తెచ్చి కొట్టులో వరసగా పెట్టి, వాటి ముందు కూర్చునేవారు. "ఏం తక్కువైందే దీనికి?" అని నన్ను అడిగేవారు. దీపావళి దగ్గర పడుతోంది. నాకు అన్నం సయించడం మానేసింది.

ఇక లాభం లేదని నేనే బయలుదేరాను. వెనక వీధిలో మా అత్తయ్యతో స్నేహంగా ఉన్న ఒక అవ్వ ఉండేది. వాళ్ళింటి కందిలి కూడా మా మెట్ల మీద తేలింది. నేను దొడ్డిదారిన వెళ్ళేసరికి అవ్వ చింతపండు గింజలు తీస్తోంది. నేనూ పక్కన కూర్చుని గుప్పెడు చింతపండు చేతిలోకి తీసుకున్నాను. కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక మెల్లగా కదిపాను.

"అవ్వా, మా కందిలి ఎందుకు వాపస్ చేసిన్రు? పొగ వచ్చిందా?"

"లేదు బిడ్డా."

"వెలుతురు సాలలేదా?"

"ఏమాట కామాట, మస్తు వెలుతురు."

"మరేంది అవ్వా? జర చెప్పరాదు. మా ఇంట్ల ఆయన పరేషాన్ అయితాండు. అన్నం తింటలేడు."

అవ్వ అటూ ఇటూ చూసింది. చింతపండు చెయ్యి కొంగుకు తుడుచుకుంది. చూపుడు వేలు ఒక్కటి పైకెత్తి నాకు చూపించి, వెంటనే దించి కొంగులో దాచుకుంది. "అమ్మ లేని ఇల్లు, నీకెవలు చెప్తరు బిడ్డా" అంది.

ఒక్క వత్తి! మా ఇళ్ళలో ఏ దీపమైనా రెండు వత్తులు కలిపి వేసి వెలిగిస్తాం. ఆముదం పోసి ఒంటి వత్తి వేసిన దీపం ఒకే ఒక్కచోట పెడతారు, మనిషి పోయాక తలాపున. పైకి అనరు. దీపం ఆరిందని కూడా అనకుండా కొండెక్కిందనేవాళ్ళం, ఈ మాటను ఎవరు నోటితో అంటారు? నాకు తెలియక కాదు. దేవుడి ముందు నేను రోజూ రెండు వత్తులే వేశాను. కాని మా కళ్ళకు అది దీపం కాదు, కందిలి. ఏ ఇంట్లో కందిలికైనా వత్తి ఒక్కటే ఉంటుంది. గాసునూనె పోసినన్నాళ్ళు దాన్ని ఎవరూ లెక్కపెట్టలేదు. ఆముదం పోయగానే అది దీపమైంది. సందెవేళ దాన్ని వెలిగించబోయిన ప్రతి ఇల్లాలూ మళ్ళీ మూలన పెట్టేసింది. మా ఆయన రాగి పట్టీ గురించి ఎవరెవరికో చెప్పారు గాని, అగ్గిపుల్ల గీసేవాళ్ళకు ఒక్కరికీ చెప్పలేదు, వాళ్ళను ఒక్క మాట అడగలేదు.

అవ్వ ఇంకా గొంతు తగ్గించి చెప్పింది. ఆ బోణీ కందిలి ఒక పెద్దమనిషి పోయిన ఇంటికి వెళ్ళిందట. "దినాలయ్యెదాక ఒక్కపారి కొండెక్కలేదట బిడ్డా. ఎంత మంచిగ మండిందో అని అందరు చెప్పుకుంటాండ్రు. ఇగ అది చూసినంక ఎవలు ఇంట్ల పెట్టుకుంటరు?" అని, నా నొసట బొట్టు పెట్టి పంపించింది.

ఇంటికి వచ్చి ఆయనతో చెప్పడానికి ఎంత తిప్పలు పడ్డానో. ఆ మాట అనలేక నేనూ ముందు ఆ వేలే చూపించాను. ఆయనకు అర్థం కాలేదు. చివరికి ఆ పెద్దమనిషి ఇంటి సంగతంతా చెప్పేశాను. ఆయన ముందుకు వంగి, "ఒక్కపారి సుత కొండెక్కలేదా? గాలికి సుత?" అని అడిగారు. కళ్ళు మెరిశాయి. నా కర్మ, ఆ ఒక్క క్షణం నాకూ గర్వంగానే అనిపించింది. తర్వాత ఆ ముఖం నెమ్మదిగా మారింది. రెండు చేతులతో తల పట్టుకుని, "నేను ఆ బోణీకి పాశం తిన్న" అన్నారు.

ఆ సాయంత్రం మామయ్యకు వడ్డిస్తూ నేను ఆగలేకపోయాను. కోడలిని అలా అడగకూడదు, అయినా అడిగాను. "మీకు ఎరుకేనా మామయ్యా?"

"మొదటి దినమే ఎరుక బిడ్డా."

"మరి ఒక్క మాట అనకపోతిరి!"

ఆయన కంచంలో చెయ్యి ఆపేశారు. "మీ అత్త తలాపున నా చేతులతోని పెట్టిన. ఆ మాట నా నోట్లెకెళ్ళి ఎట్ల వస్తది?" అన్నారు. కళ్ళలో నీళ్ళు. నేను చెంబు ఆయన ముందు పెట్టాను. పాపం అనిపించింది. ఒళ్ళు మండింది కూడా. కొడుకు పిడికి వెదురు తొడుగుతుంటే, ఆముదం వడపోస్తుంటే చూస్తూ ఊరుకున్నాడే ఈ మనిషి! నిజంగా నోరు రాలేదా, కొడుకు తన దుకాణంలోనే ఉండిపోవాలని రాలేదా? మామయ్య పోయి ఎంతో కాలమైనా నాకు ఆ కోపం పూర్తిగా పోలేదు.

మా ఆయన మాత్రం ఎవరినీ ఏమీ అనలేదు. మర్నాటికల్లా కత్తెర పట్టుకున్నారు. ఒక గొట్టం బదులు పక్కపక్కన రెండు సన్నటి గొట్టాలు పెట్టారు, మధ్యలో రాగి పట్టీ. నేను రెండు వత్తులు చేసి ఇచ్చాను. రెండు మంటలూ పైన కలిసి ఒక్కటై నిలిచాయి. వెలుతురు ముందుకంటే తెల్లగా, నిండుగా ఉంది. ఆయన నన్నే వెలిగించమన్నారు. వెలిగించి నేను దండం పెట్టుకున్నాను. ఇంతకన్నా ఎవరికైనా ఏం కావాలి?

దీపావళికి వాటిని దుకాణం ముందు వరసగా వేలాడదీశారు. మామయ్య కాదనలేదు. నేను కూడా ఆ రోజు దుకాణం అరుగు మీద నిలబడ్డాను, ఆడవాళ్ళకు రెండు వత్తులూ దగ్గరగా చూపించాలని. బజారంతా దీపాలే, జనమే జనం. వాళ్ళు వచ్చారు, ఆగారు, చూశారు. ఒకావిడ వంగి రెండు వత్తులనూ చూసి, "మంచిగనే ఉన్నది గని..." అని నా చెయ్యి నొక్కి వెళ్ళిపోయింది. ఆ 'గని' తర్వాత ఏముందో ఆమె అనలేదు, అనదు. పక్కనుంచి పోయే తల్లులు పిల్లల్ని అవతలి వైపుకు లాక్కున్నారు. కందిలి మారింది, దానికి వచ్చిన పేరు మారలేదు. జనం పలచబడేవరకు నేను నవ్వుముఖం పెట్టుకునే నిలబడ్డాను. దవడలు నొప్పి పుట్టాయి.

మర్నాడు మామయ్య ఘన్‌పూర్ దుకాణం తాళంచెవి తెచ్చి ఆయన ముందు పెట్టారు. మా ఆయన మొదటిసారి తండ్రిని బతిమాలడం విన్నాను.

"ఇంకొక్క ఏడు ఇయ్యి బాపు. డోర్నకల్‌ల అమ్ముకొస్త. అది జంక్షను, రైల్వే వాళ్ళుంటరు, అందరికి కందిళ్ళు కావాలె. ఇక్కడి సంగతి అక్కడ ఎవలకు ఎరుక?"

"ఈ పాటికి నా దుకాణం పేరు చెప్తె ఏం యాదికొస్తాందో నీకెరుకేనా?" అన్నారు మామయ్య. గొంతు పెంచలేదు. "సాలు బిడ్డా. మాట అనుకున్నం గద."

డోర్నకల్ మాట నిజం. ఈనాటికీ నేను నమ్ముతాను. ఒకచోట పేరు చెడితే, ఆ పేరు చేరని చోటికి వస్తువును తీసుకుని పోవాలి, వెంటనే పోవాలి. పిల్లలూ, మీకు ఎవరైనా గడువు పెడితే ఒప్పుకునేముందు ఒకటికి పదిసార్లు ఆలోచించండి. మా ఆయన గంతులేస్తూ ఒప్పుకున్నారు. మాట ఇచ్చాక తప్పడం మా ఇళ్ళలో లేదు. ఆ వారంలోనే ఘన్‌పూర్ రైలెక్కారు. మామయ్యకు వండిపెట్టడానికి నేను హనుమకొండలో ఉండిపోయాను. కొట్టులో మిగిలిన కందిళ్ళను మామయ్య విప్పించి, ఆ రేకులతో కారుతున్న పీపాలకు మాట్లు వేయించారు. నేను వంటింట్లో తలుపేసుకుని ఏడ్చాను.

ఆయన అప్పుడప్పుడూ వచ్చేవారు. వచ్చినప్పుడు మాటలన్నీ ఆముదాల ధర, వానలు, బండ్లు, అంతే. అలిసిపోయి ఉన్నారులే, సర్దుకుంటారులే అనుకునేదాన్ని. ఇటు యుద్ధం అయిపోయింది, బజారులోకి గాసునూనె మళ్ళీ వచ్చింది. మామయ్య ఇక దుకాణం నడపలేక హనుమకొండది అమ్మేసి, అందరం ఘన్‌పూర్ చేరాం. నాకు ఆ ప్రయాణం పండుగలా ఉంది. మామయ్య తెరవొద్దన్న కొట్టు హనుమకొండలోనే ఉండిపోయింది, ఇప్పుడు అడ్డం చెప్పేవారు లేరు. ఆయన పక్కన మళ్ళీ కూర్చోవచ్చు అని రైలులో దారిపొడవునా అదే ఆలోచన.

ఘన్‌పూర్ దుకాణం అద్దంలా ఉంది. ఏ బస్తా ఎక్కడుండాలో అక్కడే ఉంది. ఆయన గద్దె మీద కూర్చుని వేళ్ళతో ఆముదాలు నలిపి, చూడకుండానే ధర చెబుతున్నారు. అచ్చం మామయ్య! వెనక కళ్ళంలో కూలి ఆడవాళ్ళు ఎండిన ఆముదపు కాయలను కర్రలతో కొట్టి, పగలనివాటిని అరచేతులతో నలుపుతున్నారు. ఆ కాయల మీద ముళ్ళు. ఒకామె అరచేయి చూశాను, చర్మం పగిలి ఎర్రగా ఉంది. ఇంకేం కావాలి నాకు! ఆశగా లోపలికి పరుగెత్తాను.

"ఇగో, ఒక్కసారి ఇటు రాండ్రి. ఆ కాయలు నలిపి నలిపి వాళ్ళ చేతులు ఎట్లయినయో సూడుండ్రి. దీనికేమన్న చెయ్యరాదుండ్రి?"

ఆయన వచ్చారు. కళ్ళం వైపు చూశారు, ఆమె చేతుల వైపు చూశారు. విసుక్కోలేదు, కోప్పడలేదు. ఎంతో నెమ్మదిగా, "ఏం చెయ్యాలె? కర్రలున్నయి, కూలోళ్ళున్నరు, అన్నీ ఉన్నయి గద" అని, గద్దె మీదకు వెళ్ళి కూర్చున్నారు.

ఆ తర్వాత ఆయనతో ఎన్నో ఏళ్ళు కాపురం చేశాను. నన్ను ఒక్క మాట అనలేదు, ఏ లోటూ రానివ్వలేదు, పిల్లల పెళ్ళిళ్ళు చేశారు, నా ముందే పోయారు. ఏడవాల్సినంత ఏడ్చాను. కానీ నేను అప్పటికే చాలాకాలంగా ఆయన కోసం బెంగ పెట్టుకుని ఉన్నాను, ఆయన నా పక్కనే కూర్చుని అన్నం తింటూ ఉండగా.